తెరయు త్రాడును

కిటికీకి సంస్కృతమున గవాక్షమనియు, వాతాయనమనియు పేళ్లు కలవు. ఆవుకన్నును పోలినది గవాక్షము. గాలి వచ్చిపోవు త్రోవ వాతాయనము. అమరసింహుడు తన నిఘంటువున నీ రెండు మాటలను ప్రక్కప్రక్కనే కూర్చెను. ఆంగ్లేయులు విండో యనెడి మాటకు మూలము వెదకినచో నదియు ప్రాచీన నార్సు భాషలో "గాలికన్ను" అను సమాసమునకే చేరును. ఒకరి మాట యొకరు వినని రెండు దేశములవారు గోడలోని యొక రంధ్రమును జూచి, ఇది కన్ను, ఇది గాలికి దారి యని యొక్క విధముగనే తలచుట నాకు మిక్కిలి సంతోషము గొలుపును. తరగతిలో నీ సంగతి చెప్పినపుడెల్ల పిల్లలును సంతోషింతురు.

ఇక తెరకు గల పేళ్లు చూడుడు. తిరస్కరిణి యనిన తెర. మఱుగుపఱచునది యని దాని యర్థము. దానికి తోబుట్టువైన తిరస్కారమను మాట తెలుగున ధిక్కారమునకు చెల్లుచున్నది. పారసీకమునుండి వచ్చిన పరదా యను మాట గుడ్డకును పేరే, ఆడువారిని గోడల లోపల నుంచెడి యాచారమునకును పేరే. మనము ఘోషా యనుచున్న మాటకు మూలమైన పారసీక పదమునకు "మూల" యని యర్థము. మూల నుండునది ఘోషా స్త్రీ. వీని యన్నిటికంటె నన్ను కలవరపెట్టునది అసూర్యంపశ్య యను మాట. సూర్యుని చూడనిది యని దాని యర్థము. అంతఃపుర కాంతలకది విశేషణము. పాణిని యీ రూపమును సాధించుట కొక సూత్రమునే చేసెను. ఆ మాటలో గౌరవమెంత, చెఱ యెంత యని విమర్శించుట వ్యాకరణము పని గాదు, గృహస్థుని పని.

జయపురమున సవాయి ప్రతాపసింహ మహారాజు 1799లో కట్టించిన హవామహలు నెఱుగనివా రుండరు. ఐదంతస్తుల యా మేడకు 953 చిన్న కిటికీలు కలవు. రాజస్త్రీలు తాము కనబడకుండ వీధి నుత్సవములు చూచుటకై యది యేర్పడినది. దాని శిల్పమును మెచ్చుకొనుటకు నాకు నాక్షేపము లేదు. కాని యన్ని కన్నులు గల గోడ వెనుక నిలిచిన యొక్క స్త్రీ ముఖమైనను వీధికి తెలియలేదను మాట మఱవరాదు. వంగదేశమున రోకేయా సఖావత్ హుస్సేను అను విదుషి 1931లో "అవరోధవాసిని" యను పుస్తకమున ఘోషా స్త్రీల యిడుమలను చిన్న చిన్న వృత్తాంతములుగా కూర్చెను. అందొక స్త్రీ తన బురఖా తట్టుకొని రైలుపట్టాలపై పడిపోవును, పరపురుషులు తాకరాదని దాసి లేవనెత్తవచ్చినవారి నడ్డగించును, బండి కదలును. ఒక గుడ్డ పొడవు మితిమీఱినపుడు ప్రాణహాని యగునని చెప్పుట కంతకంటె నిదర్శనము వలదు.

అయినను నాకీ విచారము గ్రంథములవలన గలిగినది కాదు. రెండడుగుల యధికపు తెరవలన గలిగినది.

రెండేండ్ల క్రిందట మేము రాజమహేంద్రవరమున నొక మేడమీది భాగమును అద్దెకు తీసికొంటిమి. అందు పడమటి గది కిటికీ నాలుగడుగుల యెత్తుది. దానికి తగిలించిన తెర యాఱడుగులది. మఱియొక యింటి పెద్ద కిటికీకై చేయించినదానిని తెచ్చి యిచట వ్రేలాడదీసిరి. అది వెనీషియన్ తెర యని బజారులో బిలుచు రకము. అడ్డముగ నుండు సన్నని బద్దలు, వానిని సమదూరమున మోయు నిచ్చెన వంటి దారములు, బద్దల రంధ్రములగుండ పోయి క్రింది పట్టెను పైకి లాగెడి త్రాళ్లు, బద్దలను వంచుట కొక కడ్డీ: ఇంతియే దాని నిర్మాణము. లండను నగరమున ఎడ్వర్డు బెవాన్ అనునతడు 1769లోనే యిట్టి తెరకు పేటెంటు పొందెను. మన ప్రాంతమున మేదరు లల్లెడి వెదురు తెరలును, వేసవిలో నీళ్లు చల్లెడి వట్టివేళ్ల తడికలును చిరకాలముగ నీ పనియే చేయుచున్నవి. అయితే బద్దలను వంచి, ఎండను ఆపి, వెలుతురును పైకప్పు మీదికి మరలించు సౌకర్యము వెనీషియన్ తెరకు విశేషము. గోదావరి తీరమున వైశాఖ మాసపు పడమటి యెండ నెఱిగినవారికి దీని విలువ వేఱుగ చెప్పనక్కఱలేదు.

అధికమైన యా రెండడుగులు చేసిన పని యేమనగా, ముప్పది బద్దలు కిటికీ గట్టుమీద నొకదానిపై నొకటి గుట్టగా పడియుండెను. కడ్డీని త్రిప్పిన పైబద్దలు వంగునే గాని యీ గుట్ట కదలదు. అందు ధూళి చేరును. బల్లులు గ్రుడ్లు పెట్టును. గాలి వీచిన రాత్రియంతయు గలగలలాడును. అన్నిటికంటె ముఖ్యముగ, కూర్చున్నవారి చూపు వీధికి పోవలసినచోటనే యా గుట్ట యడ్డముగ నుండెను.

ఆ గది మా యమ్మది. ఆమెకు డెబ్బదినాలుగేండ్లు. మోకాళ్ల నొప్పిచే మెట్లు దిగలేదు. కిటికీ ప్రక్క మంచమే యామె లోకము. మధ్యాహ్నము మా తమ్ముని కుమారుడు, ఏడాదిన్నర వాడు, ఆమె ప్రక్కనే పండుకొనును. నిద్ర లేచి మంచము మీద నిలువబడుటయు, చేతికందినదెల్ల లాగుటయు వాని వ్యాపారములు. ఈ యిరువురిని దృష్టియం దుంచుకొన్నగాని యీ తెర కథ యర్థము కాదు.

తెరలమ్ము వర్తకు నొకని నడిగితిని. "తగ్గించడం కుదరదండీ, కొత్తది చేయించుకోండి" అనెను. ఇంటికి వచ్చి యీ మాట చెప్పగా నా భార్య, "అమ్మేవాడు అలాగే అంటాడు. విప్పి చూస్తే గాని కుదురుతుందో లేదో ఎలా తెలుస్తుందండీ?" యని, క్రింది పట్టెను తలక్రిందుగ పట్టి, దాని యడుగున నున్న చిన్న బిరడాలను చూపెను. వానిని చాకు మొనతో పైకెత్తిన లోపల త్రాటి ముడి కనబడెను. ముడి కనబడినచోట విప్పు విధమును కనబడును గదా! చదువుకొన్నవాని చేతికి కలము దప్ప వేఱు పనిముట్టు తగదనెడి భావము మన యిండ్లలో నింకను చావలేదు. తెర తగ్గించుట కొక దిట్టమైన కత్తెర, కొలబద్ద, ఒక పూట తీరిక చాలును. వేఱు విద్య యక్కఱలేదు.

అయితే విప్పుటకు ముందు కొలత తేలవలయును. ఆ వారమే మా పెదనాన్నగారు స్వగ్రామమునుండి వచ్చియుండిరి. వారికి ఎనుబది దాటినవి. హాలులో వాలుకుర్చీలో కూర్చుండియే వారు తీర్పు చెప్పిరి: "ఒరే అబ్బాయి, గట్టు దాకా ఉండాలి తెర. ఒక్క అంగుళం కూడా పైకి పోకూడదు. ఆడవాళ్లుండే గది అది."

లోపలినుండి మా యమ్మ, "గట్టుకు జానెడు పైకి ఉంచరా" యనెను.

ఇచట నొక సందేహము కలుగవచ్చును. ఈ తెరను ఎప్పుడు కావలసిన నప్పుడు పైకి లాగవచ్చును గదా, శాశ్వతముగ జానెడు కోయనేల? కారణము త్రాడు. పిల్లవాని కందకుండవలె నన్న త్రాటిని ఎత్తున కట్టవలయును. ఎత్తున కట్టిన మా యమ్మ చేతి కందదు. అందినను భుజము నొప్పిచే లాగలేదు. అనగా తెర యెత్తవలసి వచ్చినపుడెల్ల నామె యింకొకరిని పిలువవలసి యుండును. నేను బడికి, నా భార్య యామె యుద్యోగమునకు, మఱదలు వంటపనికి పోయిన పిదప నెవరిని పిలుచును? తెర తగ్గించుటయే యామె కెవరిని నడుగనక్కఱలేని వెలుతురు నిచ్చును.

నేను ఉపాధ్యాయుడను గాన పెదనాన్నగారికి కాగితము మీద గీతలు గీసి చూపితిని. కిటికీ వీధికి పదునొకండడుగుల పైన నున్నది. సరిగా క్రింద నిలిచి తలయెత్తినవాని చూపు ఆ జానెడు సందుగుండ పోయిన పైకప్పునే తాకును. వీధి కవతలి ప్రక్క నిలిచినవానికి మంచము మీద కూర్చున్నవారి ముఖము కొంత కనబడవచ్చును. కాని బయట యెండ, లోపల నీడ గనుక పగటివేళ గదియంతయు చీకటిగనే తోచును. రాత్రి దీపము పెట్టిన పిదప నిది తలక్రిందులగును గాన, ఆ జానెడు మేరకు స్ప్రింగు తీగపై చిన్న గుడ్డ తెర లాగుకొనవచ్చును. వాదము సక్రమమే. పెదనాన్నగారు కాగితమును చూచి, "కొంత కనబడవచ్చు నంటున్నావుగా" యనిరి.

అప్పుడు మా యమ్మ మాటలాడెను. మా పెదనాన్నగారు ఆమెకు బావగారు. కాపురమునకు వచ్చిన నాటినుండియు ఆమె వారి యెదుటికి వచ్చి మాటలాడి యెఱుగదు. తలుపు చాటునుండియే, అదియు నాకో మా నాన్నగారికో చెప్పినట్లు చెప్పును. ఆ దినమును నాతో చెప్పినట్లే, హాలులోనికి వినబడునట్లు చెప్పెను.

"కనబడితే ఏమవుతుందిరా? పదహారో ఏట ఈ ఇంటికొచ్చాను. ఇన్నేళ్లూ వీధిని తలుపు సందులోంచే చూశాను. మీ నాన్నతో బండెక్కితే చూశాను, గుడికెళ్తే చూశాను. ఇప్పుడు కాళ్లు లేవు. ఈ కిటికీ ఒక్కటే ఉంది. నేను చూడాలంటే, చూసినవాళ్లకి నేను కూడా కనబడతాను. కనబడనీ."

నా గీతలన్నిటికంటె నీ మాట బలమైనది. నేను ఆమె కనబడదని నిరూపింప యత్నించుచుంటిని. ఆమె కనబడుటలో దోషమేమని యడిగినది. సంస్కరణమును గుఱించి మనము చేయు వాదములలో సగము నా గీతల వంటివి: మానము చెడదు, శాస్త్రము తప్పదు, ఎవరును చూడరు అని పెద్దలకు ధైర్యము చెప్పుటకే సరిపోవును. ఎవరి బ్రతుకును గుఱించి వాదించుచున్నామో వారు నోరు విప్పిన ప్రశ్నయే మాఱిపోవును.

పెదనాన్నగారు కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట, "జానెడంటే ఎవరి జానరా? నీ జాన పెట్టేవు గనక. ఆవిడ జానే కొలువు" అనిరి. ఆ మాట సమ్మతియో, సందు తగ్గించు నుపాయమో నే నిప్పటికిని చెప్పలేను. మా యమ్మ గట్టుమీద చేయి నిలువుగ పఱచినది. సరిగా ఎనిమిదంగుళములు వచ్చినవి.

ఇక పని. బద్దల నడుమ దూరము కొలువగా పది బద్దలకు ఎనిమిదంగుళములు పట్టుచున్నవి. గట్టువఱకు తగ్గించుటకు ముప్పది, జానెడునకు పది, వెరసి నలువది బద్దలు తీయవలయును. మా తెరకు మొత్తము 88 బద్దలు గాన 48 నిలిచినవి. ఎవరైనను మొదట తెరను పూర్తిగ దించి, బద్దలను లెక్కించి, నిలువవలసిన కడపటి బద్దకు దారము కట్టి గుర్తు పెట్టుకొనవలయును. పిదప క్రింది పట్టె బిరడాలు తీసి, త్రాళ్ల ముడులు విప్పి, త్రాళ్లను గుర్తు పెట్టిన బద్ద వఱకు పైకి లాగవలయును. అంతట పట్టె యూడివచ్చును. అధికపు బద్దలు నిచ్చెన దారములనుండి ప్రక్కకు జాఱివచ్చును. నిచ్చెన దారమును మాత్రము తొందరపడి కోయరాదు. పట్టెను కడపటి మెట్టులో నిలిపి, త్రాళ్లను మరల దూర్చి ముడివేసి, తెరను ఒకమాఱు ఎత్తి దించి, సమముగ నుండుట చూచిన తరువాతనే, పట్టె లోపల మడచి దూర్చుటకు చాలినంత విడిచి తక్కినది కత్తిరింపవలయును. బద్ద యెక్కువగ తీసిన మరల నెక్కింపవచ్చును. దారము కోసిన మరల రాదు. రెండు ముడులును సమదూరమున నుండవలయును. లేనిచో తెర యొక ప్రక్కకు వ్రాలి పైకెక్కును.

వెదురు తెరకు పద్ధతి వేఱు. అందు బద్దలను కలిపి అల్లిన దారమే ప్రాణము. కోయదలచిన చోటికి పైగా రెండు మూడు పుల్లలను గట్టి దారముతో ముందు బిగించి కట్టి, పిదప క్రింద కోయవలయును. ముందు కోసి పిదప కట్టుదమన్న, కట్టులోపల తెరయంతయు పుల్లలుగ విడిపోవును.

నలువది బద్దలను మా యమ్మాయి తీసికొని, కుండీలలోని మొక్కల పేళ్లు వ్రాసి గ్రుచ్చినది. పని యింతటితో ముగిసినదని యెవరికైనను తోచును. ముగియలేదు. అసలు ప్రమాద మిప్పుడే పుట్టును.

ఇది కొంచెము నిదానించి చూడవలసిన సంగతి. తెరను లాగు త్రాడు ఒక కొన తెర క్రింది పట్టెకు ముడిపడి, పై పెట్టెమీదుగా వచ్చి, రెండవ కొన ప్రక్కన వ్రేలాడుచుండును. త్రాటి మొత్తము పొడవు మాఱదు. తెర 32 అంగుళములు కుఱుచయైనచో, ఆ 32 అంగుళముల త్రాడును ప్రక్కకు వచ్చి చేరును. మా తెరకు ముందు ప్రక్కన నాలుగడుగుల త్రాడు వ్రేలాడుచుండెను. తగ్గించిన తరువాత నది ఆఱడుగుల ఎనిమిదంగుళములై నేలను తాకెను. తెరను పైకెత్తినపుడు మఱి మూడడుగులు తోడగును. తెర కుఱుచయైన కొలది త్రాడు పొడుగగును. చూచువారి దృష్టి తెరమీదనే యుండును గాని త్రాటిమీద నుండదు.

ఈ త్రాడు శిశువుల మెడకు ఉరియగును. అమెరికా దేశపు వినియోగ వస్తువుల భద్రతా సంఘమువారి లెక్క ప్రకార మా దేశమున సగటున నేటా తొమ్మండుగురు అయిదేండ్లలోపు పిల్లలు కిటికీ తెరల త్రాళ్లకు తగులుకొని మరణించుచుండిరి. పెద్దలు ప్రక్క గదిలో నుండగనే, కేక వినబడకుండగనే యిది జరుగును. ఊపిరి యాడనివాడు ఏడువలేడు గదా! ఆ దేశమున 2018 డిసెంబరునుండి అంగళ్లలో సిద్ధముగ నమ్ము తెరలకు చేతికందు త్రాడు ఉండరాదని ప్రమాణము పెట్టిరి. ఐరోపాలో 2014 నాటి ప్రమాణము ప్రకారము త్రాటిని చుట్టెడి కొక్కెము నేలకు కనీసము ఒకటిన్నర మీటరు ఎత్తున నుండవలయును. పసిపిల్లలున్న యింట అసలు త్రాడులేని తెరయే శ్రేష్ఠమని ఆ సంఘమువారి హితవు. క్రొత్తగా కొనువా రట్టిదానినే కొనవలయును.

ఉన్నదానితోనే కాలము గడుపువారు చేయవలసినవి కొన్ని కలవు. తెర పూర్తిగ దిగియున్నపుడు వ్రేలాడు త్రాటిని వీలైనంత కుఱుచగ కత్తిరింపవలయును; మేము అడుగున్నర మాత్రమే విడిచితిమి. రెండు త్రాళ్ల కొనలను కలిపి ముడివేయరాదు. కలిసిన చోట ఉచ్చు ఏర్పడును గాన దేనికది విడిగ నుండవలయును. పై పెట్టె దగ్గఱ త్రాటికి గుండీ వంటి అడ్డు బిగించిన, బద్దల నడుమ నుండు త్రాటిని పిల్లలు వ్రేలితో లాగినను అది జాఱి ఉచ్చుగ రాదు. కొక్కెమును ఎత్తున కొట్టవలయును. మంచము మీద నిలుచు పిల్లవాని నుద్దేశించి మేము ఐదున్నర అడుగుల యెత్తున కొట్టితిమి. మంచమునే త్రాడున్న ప్రక్కనుండి రెండవ ప్రక్కకు మార్చి, కిటికీనుండి మూరెడు దూరముగ జరిపితిమి. అచటినుండియు మా యమ్మకు వీధి కనబడుచున్నది. కూరగాయల బండివాడు ధర హెచ్చించి చెప్పిన, ఆమె పైనుండియే బేరమాడును. సాయంకాలము సైకిళ్లపై బడినుండి మరలు బాలికలలో నిద్దఱు చేయి యూపి పోవుదురు. వారి పేళ్లు నాకు తెలియవు, ఆమెకు తెలియును.

త్రాటిని కత్తిరించునపుడు నాకు తోచిన యాలోచనను చదువరులకు చెప్పి విరమింతును. మా యూరు కందుకూరి వీరేశలింగము పంతులుగారి యూరు. ఆయన 1874లో సమీపమున నున్న ధవళేశ్వరమున బాలికల పాఠశాల పెట్టెను. 1881 డిసెంబరున నీ యూరనే మొదటి వితంతు వివాహము జరిపించెను. నాటినుండి నేటివఱకు మన యిండ్ల తెర యెంతో కుఱుచయైనది. ఆడుపిల్లలు కళాశాలలకు పోవుచున్నారు, ఉద్యోగములు చేయుచున్నారు. మనము తెరను చూచి, ఎంత తగ్గించితిమని సంతోషించుచున్నాము. సంతోషింపదగినదే. కాని ప్రక్కన వ్రేలాడు త్రాటి నెవరు చూచిరి?

కోడలు ఉద్యోగమునకు పోవచ్చును. జీతము మాత్రము నెల మొదటి తేదీననే మఱియొకరి ఖాతాకు చేరవలయును. కూతురు పట్టణమున చదువుకొనవచ్చును. ఎచట నున్నావు, ఎవరితో నున్నావని దినమునకు నాలుగు మాఱులు ఫోనులో చెప్పుకొనవలయును, ఆమె తమ్ముని నెవరు నడుగరు. ఆస్తిలో కుమార్తెలకు సమభాగమును ఆంధ్రప్రదేశమున 1986 నాటి చట్టము, దేశమంతటను 2005 నాటి సవరణము ఇచ్చినవి. కాని పెండ్లినాడు పెట్టిన బంగారము పేరు చెప్పి, అన్నదమ్ముల మొగము చూచి, హక్కు విడుదల పత్రము మీద చేవ్రాలు చేయుమని బ్రతిమాలెడి యిండ్లు నే నెఱిగినవే పెక్కులు కలవు. ఇవి తెరలు గావు, ఎవరికిని కనబడవు. తెర తగ్గినకొలది ప్రక్కకు వచ్చి చేరిన త్రాళ్లు. పూర్వము గది దాటనిదానికి "ఎక్కడికి పోవుచున్నావు" అను ప్రశ్నయే లేకుండెను. గది దాటిన దినముననే ఆ ప్రశ్న పుట్టినది.

దీనికి తెరను మరల పొడుగుచేయుట ఉపాయము గాదు. కొందఱు పెద్ద లట్లే చెప్పుదురు: బయటికి పంపుటవలననే గదా యీ చిక్కులని. త్రాడు పొడుగైనదని బద్దలను మరల నెక్కించుట వంటిదే యా మాట. చేయవలసినది త్రాటినిగూడ కత్తిరించుట. అది తెరను తగ్గించుటకంటె తేలిక పని; ఒక్క కత్తెర చాలును. కాని త్రాడు చేత నున్నవాడే కత్తెర పట్టవలసి యుండును గనుక, మన యిండ్లలో నా పని వెనుకబడుచున్నది.

కావున తెర తగ్గింపదలచిన గృహస్థులకు నా మనవి రెండే మాటలు. కొలతను వీధిలో నిలిచి తీయకుడు. లోపల కూర్చుండువారి నడిగి, వారి చేతి జానతోనే తీయుడు. పని ముగిసినదని కత్తెర లోపల పెట్టకముందు, ప్రక్కన త్రాడెంత మిగిలినదో, అది యింటిలో నెవరి మెడ యెత్తున వ్రేలాడుచున్నదో యొకమాఱు చూడుడు.